ఎర్ర గది, నీలి గది

సంభావ్యత పాఠాన్ని ఎవరైనా సంచిలో బంతులతోనే మొదలుపెడతారు. 3 ఎర్రవి, 2 నీలివి. చూడకుండా ఒకటి తీస్తే అది ఎర్రది అయ్యే అవకాశం ఎంత? నేను ప్రశ్న పూర్తిచేయకముందే తరగతిలో సగంమంది జవాబు చెప్పేస్తారు. అక్కడ ఆపి ఇంకో మూడు ప్రశ్నలు వేస్తాను. ఇందులో తెలియనిది ఏమిటి? ఎవరికి తెలియదు? ఏ క్షణంలో తెలియదు? డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పడం మొదలుపెట్టినప్పటినుంచీ ఈ మూడు ప్రశ్నలు వేయకుండా ఆ పాఠం చెప్పలేదు. బంతుల దగ్గర వీటి జవాబులు మరీ తేలిక, అందుకని పిల్లలకు ఇవి అనవసరమనిపిస్తాయి. మనిషినే ఇద్దరిగా చేసే ఊహా ప్రయోగాలు నా పనిలోకి వచ్చాక, ఈ మూడూ లేకపోతే ఒక్క అడుగు కూడా వేయలేమని తెలిసింది.

ఆ ప్రయోగాలను నా దాకా తెచ్చినవారు మా కాలేజీలో బి.ఏ. పిల్లలకు ఫిలాసఫీ చెప్పిన మాస్టారు. స్టాఫ్ రూములో ఆయన బల్లా నా బల్లా పక్కపక్కనే. ఓ మధ్యాహ్నం పేపర్లు దిద్దుకుంటుంటే ఆయన అడిగారు.

"ఏమ్మా, నిన్ను నిద్రపుచ్చి, నీ ఒంట్లో ఏ కణం ఎక్కడుందో రాసుకుని, అచ్చం నీలాంటి మనిషినే ఇంకొకరిని తయారుచేశారనుకో. నీ జ్ఞాపకాలు, నీ అలవాట్లు, నీ మోకాలి నొప్పి అన్నీ ఆవిడకీ ఉంటాయి. ఒకరిని ఎర్రగోడల గదిలో, ఒకరిని నీలిగోడల గదిలో పడుకోబెడతారు. నిద్రపోయే ముందే చెప్పు, నువ్వు ఎర్ర గదిలో మేలుకునే సంభావ్యత ఎంత?"

"సగం" అన్నమాట ఎవరికైనా నోటికొస్తుంది. నేను నా మొదటి ప్రశ్న వేశాను. "మాస్టారూ, ఇందులో నాకు తెలియనిది ఏముంది?"

ఆయన కుర్చీ ఇటు తిప్పుకున్నారు. ఆ రోజు మొదలైన వాదన ఆయన రిటైరయ్యాక కూడా నడుస్తూనే ఉంది.

నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఎర్ర గదికీ బొరుసు పడితే నీలి గదికీ నన్ను మోసుకెళ్తారంటే అక్కడ తెలియని సంగతి నిజంగానే ఒకటుంది. రెండింటిలో ఒకటి జరుగుతుంది, రెండోది జరగదు. మాస్టారి ప్రయోగంలో అలాంటిదేమీ లేదు. రేపు పొద్దున ఏం జరుగుతుందో మొత్తం ఈ రాత్రే కాగితం మీద రాసిపెట్టుకోవచ్చు. ఎర్ర గదిలో నా జ్ఞాపకాలతో ఒకరు లేస్తారు, నీలి గదిలో నా జ్ఞాపకాలతో ఒకరు లేస్తారు. ఆ కాగితంలో ఖాళీ ఎక్కడా మిగల్లేదు. "వాళ్ళలో నేనెవరు?" అని అడగొచ్చు. కానీ ఆ ప్రశ్నకు జవాబయ్యే సంగతి ఒకటి ఆ కాగితం మీదికి ఎక్కకుండా మిగిలిపోయిందని చూపిస్తే తప్ప, సగం అన్న సంఖ్య దేనిలో సగమో చెప్పలేం.

మాస్టారు ప్రయోగాన్ని ఒక్క అడుగు ముందుకు జరిపారు. తెల్లారింది. మెలకువ వచ్చింది. కళ్ళు ఇంకా తెరవలేదు. ఇప్పుడు నువ్వు ఏ గదిలో ఉన్నావు?

ఇప్పుడు సగం అంటాను, నిస్సంకోచంగా. కళ్ళు మూసుకుని పడుకున్న మనిషికి లోకంలో జరిగిందంతా తెలుసు, ఆ లోకంలో తన మంచం ఎక్కడుందో తెలియదు. రాత్రి లేని సందేహం పొద్దున పుట్టింది, అదీ ఆవిడ ఏమీ మరిచిపోకుండానే. తెలియనిది ఏమిటి, ఎవరికి అన్నవాటితో పాటు ఏ క్షణంలో అని కూడా ఎందుకు అడగాలో నా సొంత పాఠాల్లో ఇంతకంటే గట్టి ఉదాహరణ లేదు.

ఈ తేడా పిల్లలకు అందించడానికి నాకు బాగా పనికొచ్చినది దమయంతీ స్వయంవరం. శ్రీనాథుడి శృంగారనైషధం తెరిచి చూడని పిల్లలకు కూడా కథ తెలుసు. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుడి రూపంలో వచ్చి కూర్చుంటారు. పూలమాలతో సభలోకి వచ్చిన దమయంతికి ఎదురుగా ఐదుగురు నలులు. ఆమె లెక్కలో ఒక్కొక్కరికీ 5లో 1. దేవతలకు రెప్పపాటు ఉండదు, చెమట పట్టదు, పాదాలు నేలకు తగలవు అన్న గుర్తులు దొరికేదాకా ఆ లెక్క మారదు. అయితే ఆ సభలో నలుడికి తాను నలుణ్నేనా అన్న అనుమానం లేదు. ఇంద్రుడికీ లేదు. అనుమానమంతా చూసే ఆమెది. అదే ఐదుగురూ నలుడి జ్ఞాపకాలతోనే కూర్చుని, ఐదుగురూ దమయంతి మీద ఒకే ప్రేమతో ఎదురుచూస్తూ, "అసలువాణ్ని నేనేనా?" అని ఎవరికి వారు తడుముకుంటుంటే? అప్పుడు దమయంతి వేసిన లెక్కను నలుడు తనమీద తానే వేసుకోవాలి. మనిషిని ఇద్దరిగా చేసే ప్రయోగాల్లో కొత్తగా జరిగేది ఇదే.

ఆడం ఎల్గా అనే తత్వవేత్త 2004లో దీన్ని ఒక కథగా చెప్పాడు. ఒక దుర్మార్గుడు చంద్రుడి మీద ఎవరూ చొరబడలేని స్థావరంలో కూర్చుని భూమిని పేల్చేయబోతున్నాడు. భూమి నుంచి అతనికొక సందేశం వస్తుంది. అచ్చం నీలాంటివాణ్ని ఒకణ్ని తయారుచేశాం, నీ స్థావరానికి నకలైన గదిలో ఉంచాం, వాడికీ ఇప్పుడు ఇదే సందేశం అందింది, వాడు లొంగకపోతే చిత్రహింస పెడతాం. ఆ మాట నమ్మితే, చంద్రుడి మీద ఉన్నది తానేనన్న ధీమా అతనికి ఉండకూడదని, రెండు చోట్లకూ సమానంగా అవకాశం ఇవ్వాలని ఎల్గా వాదించాడు. పిల్లలకు ఈ కథ చెబితే కాసేపు ఎవరూ మాట్లాడరు. తాము తామేనని అంత గట్టిగా ఎలా తెలుసు అన్న ఆలోచన అక్కడ మొదలవుతుంది.

మాస్టారూ నేనూ కలిసి శనివారం మధ్యాహ్నాలు ఒక తరగతి పెట్టాం. మా స్టాటిస్టిక్స్ గ్రూపు పిల్లలు, ఆయన బి.ఏ. పిల్లలు కలిసి కూర్చునేవారు. ఊహా ప్రయోగాన్ని ఊహలోనే వదిలేస్తే అందరూ ఊరికే తలూపుతారని, వీలైనంత వరకు చేతులతో చేయించేదాన్ని. ఇద్దరు పిల్లలను వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, ఒకరి వెనక ఎర్ర కాగితం, ఒకరి వెనక నీలి కాగితం అంటిస్తాను. నువ్వు ఎర్ర గదిలో ఉన్నావని ఎన్ని సుద్దముక్కలు పందెం కాస్తావు? ఒకటే నియమం. ఇద్దరిదీ ఒకే మనసు కాబట్టి ఇద్దరూ ఒకే పందెం రాయాలి. ఎన్నిసార్లు ఆడినా ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడతారు. ఒకటికి ఒకటి చొప్పున పందెం కాసినప్పుడు ఇద్దరి లాభనష్టాలు కలిపితే సున్నా. పొద్దుటి సగానికి అర్థం ఇలా కళ్ళకు కనిపిస్తుంది.

అదే పందెం ముందు రాత్రి కాయమంటే పిల్లలే చిక్కుపడతారు. రాత్రి పందెం కాసింది ఒకరు, పొద్దున వసూలుకు వచ్చింది ఇద్దరు. గెలిచిన సుద్దముక్కలు ఎవరికివ్వాలి, ఓడినవి ఎవరు కట్టాలి? ఈ ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాను, నాకు ముఖ్యమైనది ఇదే.

ఇక్కడ మాస్టారి పాఠం లేకుండా నడవదు. నేనంటే ఏమిటో తేలకుండా నేను ఎక్కడ మేలుకుంటానన్న మాటే నిలబడదని ఆయన పట్టు. ఆయన తత్వవేత్త జాన్ లాక్‌తో మొదలుపెట్టేవారు. 1694లో తన పుస్తకం రెండో కూర్పుకు లాక్ చేర్చిన అధ్యాయంలో ఒక రాకుమారుడి స్మృతి అంతా చెప్పులు కుట్టే అతని దేహంలోకి వెళ్తుంది. ఇప్పుడు ఆ దేహంలో ఉన్న వ్యక్తి రాకుమారుడే అంటాడు లాక్, జ్ఞాపకం అటు వెళ్ళింది కాబట్టి. మా పిల్లలు వెంటనే బేతాళ కథ ఎత్తుకుంటారు. భర్త తల అన్న మొండానికీ, అన్న తల భర్త మొండానికీ పొరపాటున అతికించిన ఆ స్త్రీ కథ. ఆమె భర్త ఎవరంటే, భర్త తల ఉన్నవాడేనని విక్రమార్కుడు తీర్పు చెబుతాడు. లాక్ తీర్పుకూ ఈ తీర్పుకూ ఎంతో దూరం లేదు. రెండు కథల్లోనూ మనుషులు ఇద్దరే, పేర్లు రెండే. పంచడం ఎలాగన్నదే గొడవ.

బెర్నార్డ్ విలియమ్స్ 1950ల్లో వేసిన ప్రశ్న ఈ సౌకర్యాన్ని తీసేసింది. చార్లెస్ అనేవాడు ఒకరోజు లేచి, తాను మూడు శతాబ్దాల నాటి గై ఫాక్స్‌ని అంటాడు. ఇంగ్లండు పార్లమెంటును 1605లో పేల్చబోయి పట్టుబడినవాడు గై ఫాక్స్. చార్లెస్ చెప్పే జ్ఞాపకాలన్నీ సరిపోతాయి. సరే, చార్లెసే గై ఫాక్స్ అని ఒప్పుకుందాం. మరి అతని తమ్ముడు రాబర్ట్ కూడా అవే జ్ఞాపకాలతో లేచి అదే మాట అంటే? ఇద్దరూ గై ఫాక్స్ కాలేరు, వాళ్ళిద్దరూ ఒకరు కాదు కాబట్టి. ఒకరే అందామంటే ఎవరన్నది తేల్చే ఆధారమే లేదు. నా లెక్కల భాషలో చెప్పాలంటే, ఒకరి నుంచి ఒకరికి పోయే గీత ఒకరి నుంచి ఇద్దరికి చీలింది. 'అదే మనిషి' అన్న సంబంధానికి చీలిక కుదరదు. జ్ఞాపకానికి మాత్రం చక్కగా కుదురుతుంది.

ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పిన డెరెక్ పార్ఫిట్ 1984లో ఆ చీలికను పట్టుకుని చాలా దూరం వెళ్ళాడు. భూమ్మీద ఒక యంత్రంలోకి అడుగుపెడితే నీ దేహం వివరాలు అంగారకుడికి చేరతాయి, అక్కడ నువ్వు తయారవుతావు, ఇక్కడి దేహం పోతుంది. ఇక్కడి దేహం పోకుండా మిగిలితే ఏమిటన్నది అతని అసలు ప్రశ్న. రెండింటిలో నేనెవరు అన్నదానికి లోతైన జవాబేదీ లేదని, మనకు ముఖ్యమైనది నేను అన్న ఆ ముద్ర కాకుండా జ్ఞాపకం, స్వభావం, ఆశయం కొనసాగడమేనని అతను తేల్చాడు. మాస్టారు ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. ఆయనకు ఇందులో ఊరట దొరికింది, నాకు అంతగా దొరకలేదు. నాకు దొరికింది మాత్రం ఒకటుంది. తేల్చడానికి వాస్తవమే లేని చోట సంభావ్యత వేయకూడదన్న నా పట్టుదలకు పార్ఫిట్ బలమయ్యాడు.

దీనికి ఎదురుగా డేవిడ్ లూయిస్ 1976లో చెప్పిన మాట ఉంది, దాన్ని దాటి వెళ్ళడం న్యాయం కాదు. చీలబోయే మనిషి చీలకముందు నుంచే ఇద్దరు. ఒక ఊరి నుంచి బయల్దేరే రెండు దారులు కొంతమేర ఒకే దారిగా సాగినట్టు, ఇద్దరూ ఒకే దేహాన్ని పంచుకుంటున్నారు. ఇదే నిజమైతే రాత్రి నిద్రపోయే ముందే "వాళ్ళలో నేనెవరు?" అనడానికి అర్థం ఉంటుంది, సగం అన్న జవాబుకూ అర్థం ఉంటుంది. మా తరగతిలో తెలివైన పిల్లలు లూయిస్ వైపే మొగ్గుతారు. నా ఇబ్బంది సుద్దముక్కల దగ్గర. ఆ ఇద్దరిదీ రాత్రి ఒకటే నోరు, ఒకటే చెయ్యి. పందెం కాసేది ఆ ఒక్క చెయ్యే. ఒకరు ఎర్ర అనీ ఒకరు నీలి అనీ అనగలిగే క్షణం రాత్రి ఒక్కటి కూడా లేదు.

మన గ్రంథాల్లో ఒకరు అనేకులైన కథలు ఉన్నాయి కదా అని పిల్లలు అడుగుతారు. మాంధాత కూతుళ్ళు 50 మందిని పెళ్ళాడిన సౌభరి మునిని గుర్తుచేస్తారు. తండ్రి చూడ్డానికి వెళ్తే ఒక్కో కూతురూ, ఆయన ఎప్పుడూ నా దగ్గరే ఉంటారు, అక్కచెల్లెళ్ళ సంగతేమిటోనని దిగులుపడుతుంది. యోగసూత్రాల నాలుగో పాదంలోనూ యోగి అనేక చిత్తాలను సృష్టించుకోవడం ఉంది. అయితే ఆ పక్క సూత్రమే, ఆ చిత్తాలన్నిటినీ నడిపేది ఒకే చిత్తమని చెబుతుంది. అందుకని అక్కడ మా ప్రశ్న పుట్టదు. నడిపేవాడికి అన్ని గదులూ ఒకేసారి తెలుస్తున్నప్పుడు ఏ గదిలో ఉన్నానన్న సందేహానికి చోటెక్కడ?

ఇక నా సొంత విద్య దగ్గరికి వస్తాను. శాంపిల్ సర్వేలు చెప్పేటప్పుడు పిల్లలకు మొదట నేర్పవలసింది లెక్కపెట్టే యూనిట్ ఏమిటన్నది. రెండే ఇళ్ళున్న వీధి అనుకోండి. ఒక ఇంట్లో 1 పిల్ల, ఇంకో ఇంట్లో 5 మంది. ఇంటింటికీ వెళ్ళి అడిగితే సగటు 3. బడికి వెళ్ళి పిల్లలను, మీ ఇంట్లో ఎంతమంది పిల్లలమ్మా అని అడిగితే ఒకరు 1 అంటారు, ఐదుగురు 5 అంటారు, సగటు 4.33. వీధి మారలేదు, పిల్లలు మారలేదు. ఇంటిని లెక్కపెడితే ఒకటి, పిల్లను లెక్కపెడితే ఒకటి. పెద్ద కుటుంబం తన గురించి ఐదుసార్లు చెప్పుకుంటుంది. సర్వే పనిలో ఉన్నవారందరికీ ఇది బాగా తెలుసు. మనిషిని అనేకులుగా చేసే ప్రయోగాల్లో తత్వవేత్తల మధ్య జరిగే తగాదాల్లో చాలావాటికి వేరు ఇక్కడే ఉందని నా నమ్మకం.

నిద్రసుందరి సమస్యనే చూడండి. ఎల్గా 2000లో రాసిన వ్యాసంతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆదివారం ఆమెను నిద్రపుచ్చి నాణెం ఎగరేస్తారు. బొమ్మ పడితే సోమవారం ఒక్కరోజే లేపుతారు. బొరుసు పడితే సోమవారం లేపి, ఆ మెలకువ జ్ఞాపకం చెరిపేసి మళ్ళీ నిద్రపుచ్చి, మంగళవారం కూడా లేపుతారు. లేచిన ఆమెను అడుగుతారు: బొమ్మ పడి ఉండే సంభావ్యత ఎంత? ఎల్గా 3లో 1 అన్నాడు. మరుసటి ఏడాది లూయిస్ కాదు, 2లో 1 అని జవాబు రాశాడు. నాణెం మంచిదే, లేవడమనేది ఎలాగూ జరిగేదే, మరి సగం ఎందుకు మారాలి అన్నది అతని వాదన. ఇప్పటికీ తత్వవేత్తలు రెండు జట్లుగానే ఉన్నారు.

మా తరగతిలో ఇద్దరు పిల్లలకు రెండు నోటు పుస్తకాలు ఇస్తాను. ఒకరు నాణెం ఎగరేసిన ప్రతిసారీ ఒక గీత పెట్టాలి. ఇంకొకరు మెలకువ వచ్చిన ప్రతిసారీ ఒక గీత, అంటే బొమ్మకు ఒకటి, బొరుసుకు రెండు. పీరియడ్ పూర్తయ్యేసరికి మొదటి పుస్తకంలో బొమ్మలు సగం దగ్గర, రెండో పుస్తకంలో మూడోవంతు దగ్గర తేలతాయి. రెండు పుస్తకాల్లో దేనిలోనూ తప్పు లేదు. మెలకువకొకసారి పందెం చెల్లిస్తే మూడోవంతు ప్రకారం కాసినామె నష్టపోదు. ప్రయోగానికొకసారే చెల్లిస్తే సగం ప్రకారం కాసినామె నష్టపోదు. మంచం మీద లేచిన ఆమె మాత్రం మెలకువలో ఉండి అడుగుతోంది. ఆమె ప్రశ్న రెండో పుస్తకానిది. అందుకే నేను మూడోవంతు వైపు ఉంటాను.

ఇదంతా కథల్లోనే కుదురుతుందనుకునేవారికి మత్తు డాక్టర్ల మాట చెబుతాను. మిడజోలామ్ వంటి మందు ఇచ్చి చిన్న పరీక్షలు చేసేటప్పుడు రోగి మాట్లాడతాడు, చెప్పినట్టు పక్కకు తిరుగుతాడు, అయిపోయిందా డాక్టరుగారూ అని పదేపదే అడుగుతాడు. తర్వాత అతనికి అందులో ఏదీ గుర్తుండకపోవచ్చు. అడుగుతున్న ఆ క్షణంలో, ఇది మొదటిసారి అడగడమా ఐదోసారా అన్నది అతనికి తెలియదు. నిద్రసుందరి మంచానికీ ఆ బల్లకూ తేడా కొంచెమే.

లెక్కపెట్టే యూనిట్ మరిచిపోతే ఏమవుతుందో చెప్పడానికి లాటరీ ఉదాహరణ వాడతాను. టికెట్ కొని నిద్రపోతావు. గెలిస్తే నిన్ను కోటిమందిగా చేసి, అందరినీ ఒకేసారి లేపుతారు. ఓడితే ఒక్కడివే లేస్తావు. కళ్ళు తెరవకముందు, లేచేవాళ్ళ లెక్క ప్రకారం నువ్వు గెలిచి ఉండటం చాలావరకు ఖాయం. అయితే ఈ యంత్రం ఉన్నవాళ్ళంతా లాటరీ గెలుస్తారా? పిల్లలు దీని మీద గంటలకొద్దీ కొట్టుకుంటారు. నా జవాబు ఐదుగురు పిల్లల ఇంటి జవాబే. గెలుపు పెరగలేదు, గెలిచామని చెప్పే నోళ్ళు పెరిగాయి. టికెట్ కొనేవాడు కోటి నోళ్ళను చూసి టికెట్ కొంటే, డబ్బు పారేసుకున్నట్టే.

ముందు రాత్రి సంభావ్యత వేయడం కుదరదనడానికి నా దగ్గరున్న గట్టి ఆధారం ఇంకొకటి. నన్ను ఇద్దరిని చేసి ఎర్ర, నీలి గదుల్లో పడుకోబెట్టారు. నిద్రలోనే నీలి గది మనిషిని మళ్ళీ ఇద్దరిని చేసి, ఒకరిని ఆకుపచ్చ గదిలోకి మార్చారు. ముందు రాత్రి లెక్క వేసేవాడు ఎర్రకు సగం, నీలికి సగం, ఆ సగంలో మళ్ళీ సగం ఆకుపచ్చకు అంటాడు. అంటే సగం, పావు, పావు. కానీ పొద్దున ముగ్గురూ ఒకేసారి కళ్ళు మూసుకుని లేస్తే, ముగ్గురినీ వేరుచేసే గుర్తేదీ లేదు కాబట్టి ఒక్కొక్క గదికీ మూడోవంతు. రాత్రి సంఖ్య నిజంగా నా గురించిన వాస్తవమైతే, పొద్దున కళ్ళు తెరవకముందు, కొత్తగా ఏమీ తెలియకుండానే అది ఎలా మారింది? రాత్రి సంఖ్య నకళ్ళు తీసిన వరసను బట్టి వచ్చింది, పొద్దుటి సంఖ్య లేచినవాళ్ళను బట్టి వచ్చింది. రెండోదానికి అడిగే మనిషి ఉన్నాడు.

భౌతికశాస్త్రం చదివినవారు ఇక్కడ హ్యూ ఎవరెట్‌ను తెస్తారు. 1957లో అతను ప్రతిపాదించిన క్వాంటం వ్యాఖ్యానం ప్రకారం ప్రతి కొలతలోనూ చూసేవాడు చీలతాడు. అతని తొలి రాతల్లో మంచి జ్ఞాపకశక్తి ఉన్న అమీబా పోలిక ఉండేది. అమీబా చీలుతుంది, రెండింటికీ పాత జ్ఞాపకాలు ఉంటాయి. గురువు జాన్ వీలర్‌కు ఆ పోలిక నచ్చలేదు, తీయించాడు. టెల్ అవీవ్‌కు చెందిన లెవ్ వైద్‌మన్, చూసేవాడు నిద్రమాత్ర వేసుకుని చీలి, ఫలితం తెలియకముందే మేలుకుంటాడని చెప్పి, సంభావ్యతను ఆ మెలకువ క్షణంలో నిలబెట్టాడు. నా కళ్ళు మూసుకున్న మనిషి అతనే. ఒక్క తేడా ఉంది. ఎవరెట్ చెప్పిన చీలికలో పుట్టే శాఖలకు క్వాంటం సమీకరణమే బరువు ఇస్తుంది. రెండే శాఖలున్నా ఒకదాని బరువు 0.99, రెండోదాని బరువు 0.01 కావచ్చు, అక్కడ తలకాయలు లెక్కపెట్టడం పనికిరాదు. నా ఎర్ర, నీలి గదులకు అలాంటి బరువు ఇచ్చే సమీకరణం లేదు. ప్రకృతి చేసే చీలికకు చెప్పిన న్యాయాన్ని యంత్రం చేసే నకలుకు యథాతథంగా తగిలించకూడదని నేను అనుకుంటాను.

ఇప్పుడు సుద్దముక్కలు ఎవరు కట్టాలన్న ప్రశ్న. ఒక శనివారం పిల్లల ముందు బేరం పెట్టాను. నిన్ను ఇద్దరిగా చేస్తారు. ఎర్ర గదిలో లేచినవాడికి 10 లక్షల రూపాయలు. నీలి గదిలో లేచినవాడికి కాలు విరగ్గొడతారు. ఒప్పుకుంటావా?

ముందు వరసలో కుర్రాడు చెయ్యెత్తాడు. "ఫిఫ్టీ ఫిఫ్టీ మేడమ్. నేను రిస్క్ తీసుకుంటా."

వెనక బి.ఏ. పిల్లల్లోంచి ఒకమ్మాయి లేచింది. "రిస్క్ ఎక్కడుంది మేడమ్? ఒకడి కాలు విరగడం ఖాయం. ఒకడికి డబ్బు రావడం ఖాయం. ఇది జూదం కాదు, పంపకం."

నేను బోర్డు మీద రాసింది చెరిపేసి ఆ మాట రాశాను. నాణెం మీద పందెం కాసినవాడు ధైర్యవంతుడు కావచ్చు, భయస్తుడు కావచ్చు, అది అతని స్వభావం. నష్టం జరగడం ఒక అవకాశం మాత్రమే, జరగకపోయే అవకాశమూ ఉంది. నకలు బేరంలో జరగకపోయే అవకాశమే లేదు. ధైర్యానికి అక్కడ పని లేదు. ముందు రాత్రి మనం వేయవలసింది ఇద్దరు మనుషుల మధ్య సుఖదుఃఖాలు ఎలా పంచాలన్న లెక్క. దాన్ని సంభావ్యతగా రాసుకోవడం వల్ల నీలి గది మనిషి మన కళ్ళకు కనిపించకుండా పోతాడు. సగం అన్న సంఖ్య పైకి నిర్దోషంగా కనిపిస్తూ ఇంత హాని చేయగలదని తెలిశాక, ఈ పాఠాన్ని ఏ సంవత్సరమూ మానలేదు.

మాస్టారు ఆ వాదనను ఇంకా అవతలికి లాగారు. ఇవాళ సిగరెట్ మొదలుపెట్టే కుర్రాడు ఎప్పుడో వయసు మళ్ళాక దగ్గే మనిషికి చేస్తున్నది కూడా పంపకమే, సుఖం ఇతనికి, రోగం అతనికి. పార్ఫిట్ ఇదే ఉదాహరణ చెప్పాడు. నేను అంత దూరం వెళ్ళను. ఆ ఇద్దరి మధ్యా ఒకే దేహం నడిచిన దారి ఉంది, ప్రతి రోజూ మనసు మార్చుకునే వీలుంది. నీలి గది మనిషికి ఆ వీలు ఒక్క క్షణం కూడా ఇవ్వలేదు.

ముందు వరస కుర్రాడు అంత తేలిగ్గా వదల్లేదు. "ఒప్పుకుంది వాడే కదా మేడమ్? రాత్రి సంతకం పెట్టినట్టు నీలి గదిలోవాడికి కూడా గుర్తుంటుంది." ఆ మాట నిజమే. ఎవరు ఒప్పుకున్నారని అడిగితే వాడు నేనే అంటాడు. అబద్ధం ఆడినట్టూ కాదు. అయినా ఆ సంతకానికి వచ్చిన డబ్బు పక్క గదిలో ఇంకొకడి చేతిలో ఉంది, విరిగిన కాలు ఇతనిది. ఇద్దరి కోసం ఒకడు పెట్టిన సంతకంతో ఇద్దరిలో ఒకణ్ని కొట్టే హక్కు వస్తుందా అని ఆ అమ్మాయి అడిగింది. రాదనే నా తీర్పు. ఆ కుర్రాడు మాత్రం 10 లక్షలనూ రెండు గదుల్లో సమానంగా పెట్టి, విరిగిన కాలుకు వైద్యం ఖర్చు అదనంగా రాయిస్తే సంతకం పెడతానని బేరం మార్చాడు, వాళ్ళిద్దరూ షరతులు రాయడం మొదలుపెట్టారు.